మింగని జావ

కృష్ణపట్నం దగ్గర వికలాంగ పిల్లల మిషన్ హోమ్‌లో పనిచేసేవాణ్ణి. రోజూ తినిపించే ఆయా పెళ్లయి వెళ్లిపోయాక ఒక పాప మింగడం మానేసింది. ఇలాంటి పిల్లలకు తిండి పెట్టే పద్ధతి కోవూరు లైబ్రరీలో చదివి ఉన్నాను కాబట్టి నాకు ధీమాగానే ఉంది. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, చిన్న చెంచాతో రాగిజావ పెట్టాను. అంతా పెదవి చివర నుంచి కారిపోయింది.

"పుస్తకంలో ఉన్నట్టే పెట్టినావు గదన్నా, మరెందుకు మింగలా?" అంది వంట చేసే అక్క.

"ప్రార్థన చేసి మళ్లీ పెట్టన్నా. ఇప్పుడూ తినకపోతే ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం వేస్తారు" అంది వార్డెనమ్మ.

ప్రార్థన చేశాను. పాప తలుపు వైపే చూస్తోంది. ఆయా తినిపిస్తూ పాడే కీర్తన ఎత్తుకుని, మళ్లీ ఒక చెంచా జావ నోట్లో పెట్టాను. పాప గట్టిగా ఏడ్చింది, ఆ ఏడుపులో పొలమారి ఊపిరాడక నీలంగా అయింది. వీపు తడుతూనే, ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఆటోకు ఫోన్ చేశాను.