స్లాబు మీద గడిపిన సెలవు

మా ఆఫీసులో ఎవరికి సెలవు కావాలన్నా కాగితం నా బల్ల మీదకే వస్తుంది. ప్రసూతి సెలవుకి డాక్టరు సర్టిఫికెట్ ఎప్పుడు జతచెయ్యాలి, జనన ధ్రువపత్రం ఎప్పుడు ఇవ్వాలి, తిరిగి ఉద్యోగంలో చేరేటప్పుడు ఏం రాయాలి, అన్నీ నాకు నోటికి వచ్చు. నా చెయ్యి పడిన ఫైలుకి పైనుంచి కొర్రీ రాదని రాజమండ్రిలో మిగతా ఆఫీసుల వాళ్లు కూడా నా దగ్గరికి వచ్చేవారు. అది నాకు గొప్పగా ఉండేది.

మా ఆవిడ కోరుకొండ దగ్గర సర్కారు బళ్లో టీచరు. ఆవిడ నూట ఎనభై రోజుల ప్రసూతి సెలవు దరఖాస్తు నేనే రాసిపెట్టాను. "ఇంత శుభ్రమైన కాగితం నేను చూడలేదమ్మా" అన్నారట హెడ్మాస్టరుగారు. పాప పుట్టాక నా పితృత్వ సెలవు దరఖాస్తు కూడా అంత శుభ్రంగానే రాసుకున్నాను. పదిహేను రోజులు. కారణం దగ్గర "ప్రసవానంతరం భార్య, శిశువుల సంరక్షణ నిమిత్తం" అని రాశాను.

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. మా ఆవిడ పుట్టిల్లు పిఠాపురం పక్క పల్లె. అల్లుడు పురిటి స్నానం రోజున, బారసాల రోజున చుట్టంలా వచ్చి వెళ్లాలి గానీ పదిహేను రోజులు అక్కడే కూర్చుంటే వీధిలో నవ్వుకుంటారు. కాబట్టి మా ఆఫీసులో మగవాళ్లు ఆ సెలవుని వేరే పనులకి వాడుకుంటారు. ఒకాయన వరికోతలు చూసుకున్నాడు. ఇంకొకాయన చెల్లెలి పెళ్లి పనులు చేసుకున్నాడు. వాళ్ల కాగితాలన్నీ నేనే రాశాను. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

నాకు ఇంటి పని ఉంది. ఊరి చివర కట్టుకుంటున్న ఇంటికి స్లాబు వెయ్యడానికి ముహూర్తం కుదిరింది. పాప పుట్టిన మూడో రోజున కాకినాడ ఆసుపత్రిలో తల్లినీ బిడ్డనీ అత్తయ్యగారికి అప్పగించి వచ్చేశాను. స్లాబు పడింది. ఎండలు మండిపోతున్నాయి. స్లాబు మీద కట్టిన మడుల్లో నీళ్లు ఆరకూడదు, పదిహేను రోజులు పట్టాలి అన్నాడు మేస్త్రీ. సెలవు కూడా సరిగ్గా అన్నే రోజులు కదా అని సంతోషించాను.

సెలవు ఆరో రోజున మా ఆవిడ ఫోను చేసింది. పెరట్లో జారిపడి అత్తయ్యగారి మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు వేశారు.

"పాపకి నీళ్లెవరు పోస్తున్నారు?" అన్నాను.

"పక్కింటి మామ్మగారు. ఆవిడకి వీలైనప్పుడు వస్తారు. కుట్లు లాగేస్తున్నాయండీ, నేను వంగలేకపోతున్నాను. మీకా సెలవు ఇస్తారన్నారు కదా, ఏమైంది? నాలుగు రోజులైనా వచ్చి ఉండరూ?"

పైపు నా చేతిలోనే ఉంది. నిజం చెబితే, నీళ్లు పట్టే పని ఎవరో ఒకరికి అప్పగించి రమ్మంటుంది. అత్తారింట్లో పసిగుడ్డలు ఉతుకుతూ కూర్చున్న నన్ను ఊహించుకున్నాను.

"ఎక్కడ? ఇంకా శాంక్షన్ కాలేదు. సూపరింటెండెంటుగారు ఫైలు కదపడం లేదు" అన్నాను.

"ఆ నీళ్ల చప్పుడేంటండీ?"

"ఆఫీసులో ట్యాంకు పొంగిపోతోంది."

"అయితే కట్టెయ్యమనండి ఎవరినైనా" అంది. తర్వాత రోజుల్లో ఆవిడ వీడియో కాల్ చేస్తే, మీటింగులో ఉన్నానని మామూలు కాల్ చేసేవాణ్ణి. పాప ఏడుపు వినిపించేది. పురిటి స్నానానికి వెళ్లాను. అత్తయ్యగారు కట్టు కట్టిన చేత్తోనే నాకు విస్తరి వెయ్యబోయారు. భోంచేసి, సాయంత్రం బస్సుకి వచ్చేశాను. స్లాబు ఆరిపోతుందని.

ఇరవై ఒకటో రోజున బారసాల. మా సూపరింటెండెంటుగారు కాకినాడ పని మీద వెళ్తూ వచ్చారు. పాప చేతిలో వెండి గిన్నె పెట్టి, మా ఆవిడ వైపు తిరిగారు.

"నీకేం తక్కువమ్మా! మావాడు పదిహేను రోజులూ మీ సేవలోనే ఉన్నాడుగా. అడిగిన రోజునే సంతకం పెట్టి పంపించాను. ఇక్కడ మీరు హాయిగా ఉన్నారు, అక్కడ ఫైళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి."

మా ఆవిడ నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఆయనతో, "అవునండి, చాలా చేశారు. మీరు పంపించబట్టే" అంది. అత్తయ్యగారు కూడా విన్నారు. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి చీర చెంగు కిందకి లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

చుట్టాలు వెళ్లాక గదిలోకి వెళ్లాను. ఇల్లు మనకోసమే కదా అనే మాట తయారుగా పెట్టుకున్నాను.

మా ఆవిడ తలెత్తకుండానే అంది. "మీకు సెలవివ్వలేదని ఆయన్ని రోజూ తిట్టుకున్నానండి. ఇవాళ ఆయన అడక్కుండానే రెండోసారి పాయసం వడ్డించాను. సిగ్గేసింది."

ఆ సెలవు ఆర్నెల్ల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. నాకంటే బాగా ఆ రూలు తెలిసినవాడు మా ఆఫీసులో లేడు. స్లాబు సంగతి చెప్పి మామూలు సెలవు పెట్టుకుని, పైపు ఇంకొకరి చేతికిచ్చి, అత్తయ్యగారి చెయ్యి విరిగిన రోజున పితృత్వ సెలవు వాడుకుని ఉండొచ్చు. నేను కాగితం మీద ఒక మాటా, ఫోనులో ఇంకో మాటా చెప్పాను. పైగా నాకు మంచి చేసినాయన మీద నింద వేశాను. ఆ తర్వాత ఆయన దగ్గర కూడా ఒప్పుకున్నాను. "ఓరి నీ దుంపతెగ" అని, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఐదో నెల్లో మా ఆవిడ పాపని తీసుకుని కొత్తింటికి వచ్చింది. మామూలుగానే మాట్లాడేది. పాపని మాత్రం నా చేతికి ఇచ్చేది కాదు. స్నానానికి వెళ్లాలన్నా పక్కింటావిణ్ణి పిలిచేది. నేను చేతులు చాపితే, "మీకు పనులుంటాయి లెండి" అనేది. దెప్పినట్టు కూడా ఉండేది కాదు. అదే నాకు కష్టంగా ఉండేది.

నూట ఎనభై రోజులు అయిపోవచ్చాయి. అత్తయ్యగారి మణికట్టుకి ఇంకా బలం రాలేదు, వచ్చి పాపని చూసుకోలేరు. మా ఆవిడ పిల్లల సంరక్షణ సెలవు ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది కూడా రాసిపెట్టండి. మనిషి కుదిరేదాకా నేనే ఉంటాను."

ఆ ఫారం మీద నేను పెన్ను పెట్టలేదు. మర్నాడు ఆఫీసులో నాకే పదిహేను రోజుల సంపాదిత సెలవు రాసుకుని పట్టుకెళ్లాను. సూపరింటెండెంటుగారు చదివి కళ్లజోడు తీశారు.

"పాపని చూసుకోడానికా? పైవాళ్లు నవ్వుతారయ్యా. నడుం నొప్పని రాయి."

"వద్దండి. ఈసారి ఉన్నదే రాశాను."

ఆయన మళ్లీ కళ్లజోడు పెట్టుకుని సంతకం పెట్టారు.

ఇంటికొచ్చి ఆ కాగితం మా ఆవిడకి చూపించాను. చివరిదాకా చదివి, మడిచి బీరువాలో పెట్టింది.

సెలవు అయిపోయి మళ్లీ బడికి వెళ్లే రోజు పొద్దున్నే గుమ్మంలో ఆవిడ పాపని నా చేతుల్లో పెట్టింది. పెట్టి, వెంటనే చెయ్యి తియ్యలేదు. బస్సు హారన్ కొట్టాక తీసింది. పాప నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. తన తండ్రినే అయినా తనకి నేను కొత్తవాణ్ణి. పది గంటలకి పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పాపని బోర్లా పడుకోబెట్టుకున్నాను. నూనె రాసిన ఒళ్లు చేతిలోంచి జారిపోతుంటే భయమేసింది. చెంబుడు నీళ్లు పోయడానికి రెండు చేతులూ చాలలేదు. ఆర్నెల్ల కిందట, కట్టు కట్టిన చేత్తో ఒకావిడా, కుట్లు ఎండని ఇంకొకావిడా ఈ పని ఎలా నెట్టుకొచ్చారో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం మా ఆవిడ చేతిసంచి గుమ్మంలోనే దించి లోపలికొచ్చింది. పాప జుట్టు వేళ్లతో తడిమి చూసింది. మెడ మడతలు చూసింది. చెవి వెనక వేలు పెట్టి, ఆ వేలు నాకు చూపించింది.

"ఇక్కడ తడి ఉండిపోయింది. మెత్తటి గుడ్డతో ఒత్తాలి" అంది. "రేపు చూసుకోండి."