నా చేత్తో అతికిన ఎర్ర కారు

రెండేళ్ల కిందట, ఆషాఢం రెండు రోజుల్లో మొదలవుతుందనగా జరిగింది. ఇస్నాపూర్‌లో హైవే పక్కన నాకొక షెడ్డు ఉంది. ఇరవై రెండేళ్లుగా డెంటింగ్, వెల్డింగ్ పనితో బతుకుతున్నాను. డెంటింగ్ అంటే గుద్దుకుని నలిగిన రేకును మళ్లీ పాత ఆకారానికి తేవడం. ఇన్నేళ్లలో ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండిపోయిన రోజు అదొక్కటే.

మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక పాడు అలవాటుంది. బండిని చూసి ముందు మనసు పారేసుకుంటారు. బయానా కూడా ఇచ్చేస్తారు. ఆ తర్వాత తీరిగ్గా తీసుకొచ్చి "ఒకసారి చూసి చెప్పు" అంటారు. వాళ్లకు కావలసింది నేను చూడటం కాదు, బాగుందని నా నోటితో అనడం. బాగాలేదంటే మొహం మాడ్చుకుని, అదే బండి కొని, ఆర్నెల్లకు రిపేరని మళ్లీ నా గుమ్మమే ఎక్కుతారు. కూరగాయలను నొక్కి నొక్కి ఏరేవాళ్లు కారు దగ్గర ఇంత గుడ్డిగా ఎలా ఉంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సుబ్బారావు గారు కూడా అలాగే వచ్చారు. ఆయనది కృష్ణా జిల్లా. ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ముప్పై ఏళ్లు వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, కిష్టారెడ్డిపేటలో ఉంటారు. ఆయన పాత కారుకు పదేళ్లుగా నేనే పని చేస్తున్నాను. ఆ రోజు మాత్రం ఎర్రటి స్పోర్ట్స్ కారులో దిగారు. రెండే తలుపులు, నేలకు ఆనినట్టుండే బాడీ, పదిహేనేళ్ల నాటి విదేశీ బండి. నడిపింది బ్రోకర్ మల్లేశ్, నాకు బాగా తెలిసినవాడే. పక్క సీట్లో సార్ చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నారు.

"ఎలా ఉందోయ్ ఖాజా? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటిదొకటి రోడ్డు మీద చూశానయ్యా. అప్పటినుంచీ మనసులో ఉండిపోయింది. మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని అనంతగిరి కొండల దాకా తీసుకెళ్తానని మాట కూడా ఇచ్చేశాను."

"బయానా ఇచ్చిన్రా సార్?"

"నిన్ననే ఇచ్చేశా. ఆషాఢంలో మా ఆవిడ బండి కొననివ్వదు కదా, రేపే పూజ. క్లచ్ కాస్త జారుతోంది, సైలెన్సర్ మోగుతోంది. అవి నువ్వు చూసుకో."

మల్లేశ్ నా భుజం మీద చెయ్యేశాడు. "ఇంజిన్ మస్తుంది భాయ్. సార్‌కు జెర ధైర్యం చెప్పు."

ఇంజిన్ నిజంగానే బాగుంది. కానీ నడిపి చూస్తే, బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఎడమకు లాగుతోంది. సంగతేమిటో చూద్దామని ర్యాంప్ మీద పెట్టి పైకెత్తాను. కిందంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే రంగు కింద పుట్టీ పెచ్చులుగా ఊడింది. పుట్టీ అంటే రేకు మీది గుంతలు పూడ్చే ముద్ద. దాని కింద ఒక తలుపు నుంచి ఇంకో తలుపు దాకా అడ్డంగా వెల్డింగ్ గీత.

అది ఒక కారు కాదు, రెండు. మా పనిలో దీన్ని హాఫ్‌కట్ అంటారు. ముందు భాగం నుజ్జయిన బండినీ వెనక భాగం నుజ్జయిన బండినీ మధ్యకు కోసి, మంచి సగాలను అతుకుతారు. గట్టిగా గుద్దుకుంటే అతుకు దగ్గర విడిపోవచ్చు. లోపల కూర్చున్నవాళ్ల గతి చెప్పనక్కర్లేదు.

"ఏ లుచ్చాగాడు చేసిండ్రా ఈ పని!" అని నాలో నేనే తిట్టుకుంటూ ఇంకాస్త గీకాను. అతుకు మీద గాలిపటం ఆకారంలో కోసిన రేకు కనిపించింది. తిట్టడం ఆపి, గుడ్డతో తుడిచి దగ్గరగా చూశాను.

అడ్డంగా అతికితే అదే గీత వెంబడి చిరుగుతుందని, పైన గాలిపటంలా కోసిన రేకు వేయడం నాకు మా ఉస్తాద్ నేర్పాడు. ఒక్కో కొసకు రెండు వెల్డింగ్ చుక్కలు పెట్టడం నా సొంత అలవాటు. ఆ చుక్కలు అక్కడే ఉన్నాయి. అప్పటికి ఆరేళ్ల కిందట మల్లేశ్ ఈ రెండు ముక్కలనూ ట్రాలీలో వేసుకొచ్చి, "రిసార్ట్ ముందట నిలబెట్టనీకి భాయ్, రోడ్డెక్కేది కాదు" అన్నాడు. అప్పుడది పసుపు రంగులో ఉంది. ఊరికే నిలబెట్టే బండికి అడుగున నల్లరంగు కూడా కొట్టమన్నప్పుడు, ఎందుకని నేను అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని అడగలేదు.

మల్లేశ్ ర్యాంప్ కిందికి వంగి నా చెవిలో గొణిగాడు. "చూసినవ్ గదా, ఇగ ఊకో. నోరిప్పితే నీ పేరే ఖరాబైతది."

"పక్కన చిన్నపిల్లను కూసోబెట్టుకుంటడంట, ఇనలేదా?"

"ఆరేండ్ల సంది ఏమైంది? ఇంజిన్ ఎట్లుందని అడిగిండు, చెప్పిన. కింద ఏముందని అడిగిండా?"

సిగ్గులేని మనిషి! వాణ్ణి లాగి కొడదామనుకున్నాను. కానీ ఏ మొహం పెట్టుకుని కొట్టను? "సార్, జెర ఇటు రాండ్రి" అని పిలిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని టార్చ్ వేసి చూశారు. మొహంలో నవ్వు పోయింది.

"ఎవడు చేశాడిది?"

"నేనే సార్."

ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. ఆయన నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ముప్పై ఏళ్లు ప్రతి అతుకూ చూసి, సంతకం పెట్టాకే గేటు దాటించాను. దీనికి నువ్వు సంతకం పెడతావా ఖాజా?"

"పెట్ట సార్."

"మరి ఆ రోజు ఎలా పంపించావయ్యా?"

మల్లేశ్ మధ్యలో దూరాడు. "పోనీ సార్, మీ బయానా వాపస్ ఇస్త. సుల్తాన్‌పూర్‌ల ఒకాయన దీనికోసం ఎనకబడి తిరుగుతున్నడు. భాయ్, బండి దించు."

అంటే ఈయన కాకపోతే ఇంకొకరు చావాలి! అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. గ్రైండర్ తీసుకుని మొదటి రేకు మీద పెట్టాను.

"అరె, నా గాడి ఖరాబ్ చేస్తున్నవ్! పోలీసులకు చెప్త!" అని మల్లేశ్ అరిచాడు.

"పోయి చెప్పు. ఏం అమ్మబోయినవో గది గూడ చెప్పు. గాడి నీది, వెల్డింగ్ నాది. నాది నేను తీసేస్తున్న."

నిప్పురవ్వల మధ్య సగం కోశాక పక్కన వెలుగు పడింది. సార్ టార్చ్ పట్టుకుని నిలబడ్డారు. "ఆ మూల ఇంకా పట్టుంది, అక్కడ కూడా కొయ్యి" అన్నారు.

మల్లేశ్ పోలీసుల దగ్గరికి పోలేదు. సార్‌కు బయానా తిరిగిచ్చి, ట్రాలీ తెచ్చి ఆ బండిని పాత ఇనుప సామాన్ల కొట్టుకు తరలించాడు. నా షెడ్డుకు రావడం మానేశాడు. అప్పటినుంచి ఎవరేది అతకమన్నా, అది ఎక్కడికి పోతుందో, దాంట్లో ఎవరు కూర్చుంటారో అడిగాకే ముట్టుకుంటున్నాను. జవాబు నచ్చకపోతే పంపించేస్తున్నాను. ఆ రోజు నాకు తెలిసింది ఇదే. చేసేవాడు అడగకపోవడం కూడా మోసమే.

సుబ్బారావు గారి పాత కారు ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. ఇదివరకైతే తాళంచెవి పుచ్చుకుని వెళ్లిపోయేవారు. ఇప్పుడు నేను ఎంత చిన్న పని చేసినా, ఆ వయసులో నడుం వంచి కిందంతా చూసుకున్నాకే బండి తీస్తారు. ఆయన లేచేదాకా నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడతాను.