పన్నెండు కాళ్ళ ఖర్రాటా

"లోపల పిల్లలకి ఊపిరాడకపోతే?"

చెప్పులు గుమ్మం బయట విడవకముందే వంశీ అడిగిన మాట అది. పలకరింపు లేదు, ఎలా ఉన్నారని లేదు. బంగారమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తలేదు. పచ్చటి టార్పాలిన్ ఆమె ఒళ్ళోంచి జారి, గది దాటి, వసారా అంతా పరుచుకుని, ఇంకా కుట్టని తోకగా వీధిమెట్ల మీదికి వేలాడుతోంది.

"ఊపిరికేటైంది బాబూ? కింద పన్నెండు కాళ్ళకీ ఖాళీయే గదా. బోల్డంత గాలి," అంది.

"టార్పాలిన్‌లోంచి గాలి పోదు పిన్నీ. లోపల ఆరుగురు పిల్లలు. ఒక్కొక్కళ్ళు వదిలే బొగ్గుపులుసు వాయువు లెక్కేస్తే..."

"పులుసో చారో, ముందు కూకో. చాయ్ పెడతాను."

వంశీ కూర్చున్నాడు గాని అతని చూపు మాత్రం ఆ టార్పాలిన్ మీదనుంచి కదల్లేదు. సిల్తరాలో ఒక ఉక్కు కర్మాగారపు ప్రయోగశాలలో అతనికి ఉద్యోగం. కరిగిన ఇనుములో కార్బన్ ఎంతుందో తేల్చి చెప్పడం పని. తండ్రయ్యాక ఆ తేల్చి చూసే అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. కూతురికిచ్చే ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేసేవాడు. ఉయ్యాల గొలుసులు లాగి చూడందే ఎక్కనిచ్చేవాడు కాదు. అతని భార్య ప్రియదర్శిని పొద్దున్నే బస్సెక్కి నయా రాయపూర్‌లోని ఆఫీసుకి వెళుతుంది. "మీ నాన్నకి చందమామని చూపించినా, అది ఊడిపడదు కదా అంటాడు," అని కూతురితో నవ్వేది.

ఆ కూతురు తన్వి. ఒకటో తరగతి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిగేటు దాటితే నోరు విప్పదు. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తి ఊరుకుంటుంది. అలాంటిది, వార్షికోత్సవం నాటకంలో "ఖర్రాటా లోపల ఎవరుంటారు?" అని టీచరు అడగ్గానే అందరికంటే ముందు లేచి నిలబడిందట. ఆ సంగతి తెలిసిన రోజు వంశీ దారిలో జిలేబీ కట్టించుకుని ఇంటికొచ్చాడు. పిల్ల తనంతట తాను కోరుకున్న మొదటి పని అది. అది చెడకూడదు. అందుకే ఈ రాకపోకలన్నీ.

ఖర్రాటా అంటే హిందీలో గురక. బడిలోని సైన్సు టీచరు రాసిన నాటకంలో రెండు సూర్యుళ్ళున్న గ్రహం ఒకటుంది. అక్కడ ప్రతి ప్రాణికీ రెండు నీడలు. ఆ గ్రహం మీద కొండంత బల్లిజాతి జంతువొకటి తిరుగుతుంటుంది. రెండు నీడలూ ఒకదాని మీదికొకటి వచ్చి ఒక్కటైనప్పుడు మాత్రమే అది వేటాడుతుంది. మిగతా వేళంతా నిద్ర. దాని గురకకి రాళ్ళు దొర్లుతాయి. భూమి నుంచి వెళ్ళిన పిల్లలు గురకకీ గురకకీ మధ్య అడుగులో అడుగు వేసుకుంటూ తప్పించుకోవాలి. పేరు పిల్లలే పెట్టారు.

"భూమ్మీద ఏ బల్లికైనా నాలుగే కాళ్ళు పిన్నీ. దీనికి పన్నెండా?" అన్నాడు వంశీ, చాయ్ ఊదుకుంటూ.

"అందుకే గదా ఏరే గ్రహం! ఆరుగురు పిల్లలకి పన్నెండు కాళ్ళొస్తాయి. ఎనిమిది నరికీమంటావేటి?"

బంగారమ్మకి జంతువులు కొత్త కాదు. ఆమె తండ్రి జోగయ్య పార్వతీపురం వైపు నుంచి రైల్వేలో పట్టాల పనికి రాయపూర్ వచ్చాడు. బంగారమ్మ ఇక్కడే రైల్వే క్వార్టర్లలో పుట్టింది. పెళ్ళయ్యాక భర్త ఈశ్వర్ దగ్గర లారీల టార్పాలిన్లు కుట్టడం నేర్చుకుంది. ధాన్యం బస్తాల మీద వాన పడకుండా కప్పే గుడ్డకి మొద్దుసూది, మైనం రాసిన దారం, అరచేతికి తోలుముక్క కావాలి. ఆ అరచెయ్యి ఇప్పటికీ చెక్కలా ఉంటుంది. రాష్ట్రం ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో ఊళ్ళో వేడుకలు పెరిగాయి. ప్రతి బడికీ ఊరేగింపులో ఏదో ఒకటి కావలసివచ్చింది. ఎవరో వచ్చి, మిగిలిన ముక్కలతో ఒక పులిని కుట్టమన్నారు. ఆ పులి వెనకాలే అడవిదున్న, చిలక, వరికంకి, రైలింజను వరసగా వచ్చాయి. తెలీబంధా చెరువు వెనక సందులో ఇప్పుడామె దుకాణం గోడల నిండా తలలే. తలలేని సింహాన్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఈశ్వర్ బళ్ళకి చేరవేస్తుంటే చౌరస్తాలో పోలీసు కూడా నవ్వి సలాం కొడతాడు.

ఆమె పనిలో ఒక పద్ధతుంది. పిల్లని ఎదురుగా నిలబెట్టి కొలవకుండా దేన్నీ కుట్టదు. మోకాళ్ళ మీద కూర్చుని, టేపు చుట్టి, "ఇది తొడుక్కుని నువ్వేటి సేస్తావు?" అని అడుగుతుంది. ఎగిరిపోతానన్న చిలకకి చంకల్లో వదులు పెడుతుంది. పడుకుంటానన్న పులికి మోచేతుల దగ్గర దూది కూరుతుంది. కుట్టిన బట్టల్లో ఏది ఎవరి జవాబో గోడ మీద చూపించి చెప్పగలదు.

ఖర్రాటా విషయంలో మాత్రం ఆ పద్ధతి తప్పింది. ఆరుగురికీ కలిపి ఒకటే ఒళ్ళు కదా అనుకుంది. పైగా పిల్లల ఎత్తులన్నీ వంశీ ఫోనులో చెప్పేశాడు. కన్నాలు పెట్టాలని కూడా అతనే పట్టుబట్టాడు.

"సరిగ్గా ముక్కు ఎత్తులో ఉండాలి పిన్నీ. ఇటూ అటూ."

"కన్నాలెట్టీస్తే అది జంతువా, జల్లెడా?"

"పిల్లల ప్రాణం కదా పిన్నీ."

దాంతో బంగారమ్మ ఒప్పుకుంది. లారీ టార్పాలిన్లకి తాళ్ళు దూర్చే ఇత్తడి రింగులు తీసి, రెండు పక్కలా ముక్కు ఎత్తులో బిగించింది. ఎండ పడితే రింగులు మెరిశాయి. ఖర్రాటాకి అదొక అందమే అనుకున్నారు ఇద్దరూ.

రింగులు బిగించక ముందు, ఒక సాయంత్రం, తన్వి దుకాణంలో ఆ టార్పాలిన్ కిందికి దూరి ఎంతసేపటికీ బయటికి రాలేదు. లోపల్నుంచి పాట వినిపిస్తోంది. వంశీ కంగారుగా గుడ్డ ఎత్తి, చెమట పట్టిన పిల్లని చంకనేసుకున్నాడు. పిల్ల ఎందుకు ఏడ్చిందో అతనికి అప్పుడు అర్థం కాలేదు.

శనివారం నాటకం. గురువారం మధ్యాహ్నం బడి హాల్లో రిహార్సల్. వంశీ సెలవు పెట్టి వచ్చాడు. జంతువు దవడ సరిగా తెరుచుకోవడం లేదంటే బంగారమ్మ కూడా సూదిదారం పట్టుకుని వచ్చింది. ఖర్రాటా తెర వెనకనుంచి బయల్దేరింది. తల వచ్చింది, మెడ వచ్చింది. సగం దూరం వచ్చాక ఆగిపోయింది. ముందు కాళ్ళు సాగిపోతున్నాయి, వెనక కాళ్ళు వచ్చి గుద్దుకుంటున్నాయి, మధ్యలో తెల్ల మేజోళ్ళ కాళ్ళు రెండు కదలకుండా నిలబడ్డాయి. ఆ మేజోళ్ళు పొద్దున తొడిగింది వంశీయే.

తన్విని బయటికి తీశారు. టీచరు మంచావిడ. "పర్వాలేదు, ఇష్టం లేకపోతే వేరే పిల్లని పెడదాం," అని హిందీలో మెల్లగా అంది. తన్వి తండ్రి చొక్కా గట్టిగా పట్టుకుంది.

"గాలి ఆడలేదా తల్లీ?"

కాదన్నట్టు తల ఊపింది.

"చీకటిగా ఉందా? వేడిగా ఉందా? కడుపులో తిప్పిందా?"

అన్నిటికీ అదే ఊపు. వంశీకి తెలిసిన భయాలన్నీ అయిపోయాయి.

బంగారమ్మ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మెళ్ళోంచి టేపు తీసింది. "సేతులెత్తమ్మీ," అంది. అలవాటుగా నడుము చుట్టూ టేపు తిప్పింది. "ఇది తొడుక్కుని నువ్వేటి సేస్తావు?"

తన్వి టేపు మీది అంకెలు ఒక్కొక్కటే చూసింది. బంగారమ్మ తొందరపెట్టకుండా ఊరుకుంది.

"దాక్కుంటా," అంది చివరికి.

"మరి దాక్కోనేదేటి?"

"కన్నాల్లోంచి అందరూ కనపడుతున్నారు."

వంశీ లేచి వెళ్ళి, ఖర్రాటా పక్కన వంగి, ఒక రింగులోంచి లోపలికి చూశాడు. ముక్కు ఎత్తులో పెట్టిన కన్నం కంటికి రెండు వేళ్ళ దూరంలోనే ఉంటుంది మరి. పిల్ల దాక్కోడానికి వెతుక్కున్న చోటుకి కిటికీలు పెట్టించింది తనే.

"నాది కూడా బుద్ధి తక్కువ పనే," అంది బంగారమ్మ టేపు చుడుతూ. "పిల్లని కొలవనేదు. నిన్ను కొలిచీసి కుట్టీసినాను."

"ఇప్పుడు మూసేస్తే గాలి పిన్నీ..."

"మల్లీ మొదలెట్టీసినావు!"

కాని ఈసారి అతనికి మార్గం తోచింది. ఫ్యాక్టరీ షెడ్డు కప్పు గుర్తొచ్చింది. వేడిగాలి పైకి పోతుంది. షెడ్డు నడికప్పు మీద సందులుంటాయి, అక్కడినుంచి బయటికి పోతుంది. చల్లగాలి కిందనుంచి వస్తుంది. పక్కల కన్నాలు మూసేసి, ఖర్రాటా వీపు పొడుగునా కుట్టిన ముళ్ళ వరస కింద సందు వదిలితే చాలు.

"ముళ్ళ కిందనా? ఎవుడికీ కనపడదు," అంది బంగారమ్మ కళ్ళు మెరుస్తుండగా. "కన్నాల మీద పెంకుల్లాగ పొలుసులు కుట్టీస్తాను. ఒకదాని మీదొకటి."

శుక్రవారం అంతా ఈశ్వర్ పొలుసులు కత్తిరించాడు, బంగారమ్మ కుట్టింది. వంశీ సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు. కొన్ని పొలుసులు తలకిందులుగా కుట్టారు. విప్పే టైము లేక అలాగే వదిలేశారు.

శనివారం ఖర్రాటా స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. తెల్ల మేజోళ్ళు మిగతా కాళ్ళతో పాటు టకటకా సాగాయి. తర్వాత అది పడుకుంది. స్పీకర్లోంచి గురక రావాలి. టీచరు మీట నొక్కేలోపే పొట్టలోంచి సన్నటి గురక ఒకటి మొదలైంది. అది వింటూనే ప్రియదర్శిని మొగుడి చెయ్యి పట్టుకుంది. ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు వంశీ పెట్టే గురక అచ్చం అదే. హాలంతా నవ్వింది. ఎవరు గురకపెట్టారో హాల్లో ఎవరికీ తెలియదు. పొట్టలో ఉన్న మనిషికి కావలసిందీ అదే. పొట్ట ఇంకా గట్టిగా గురకపెట్టింది.

ఇప్పుడు ఖర్రాటా బంగారమ్మ దుకాణంలో అటక మీద మడతపెట్టి ఉంది. మధ్యలో ఇంకో బడివాళ్ళు దాన్ని మొసలిగా అడిగితే, నాలుగు కాళ్ళకే సరిపడేలా ఒళ్ళు మడిచి కుట్టి పంపింది ఆమె. తన్వి ఈ జూన్ నుంచి స్కూలు బస్సులో వెళుతోంది. మొదటి రోజు వంశీ మనసులో తలుపు గడియ, బ్రేకులు, డ్రైవరు వేగం అన్నీ వరసకట్టాయి. వాటిని పక్కనపెట్టి, రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని, "బస్సెక్కి నువ్వేం చేస్తావు?" అని అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. "కిటికీ పక్కన కూర్చుంటా. నువ్వు చెయ్యి ఊపకు, అందరూ చూస్తారు," అంది తన్వి. బస్సు మలుపు తిరిగేదాకా వంశీ రెండు చేతులూ జేబుల్లోనే పెట్టుకుని నిలబడ్డాడు.

నాటకం మర్నాడు ఆ పచ్చటి ఒళ్ళు మడతపెడుతూ, రెండో కొస అతని చేతికిచ్చి, బంగారమ్మ అన్న మాటే అతనికిప్పుడు పద్ధతి:

"నీ బయం కొలతలకి పిల్లకి గుడ్డ కుట్టీకు బాబూ. ముందల పిల్లనడుగు. అడిగీసి ఊరుకో. అదే సెప్పుద్ది."