అన్నం తినీసి ఎల్తానన్న పిల్ల

అది 1994. కలకత్తా భవానీపూర్‌లో ట్రాములు పోయే రోడ్డుకు రెండు సందుల లోపల ఆడపిల్లల షెల్టర్ హోమ్ ఒకటి ఉండేది. షెల్టర్ హోమ్ అంటే పోలీసులు విడిపించి తెచ్చిన పిల్లల్ని, సొంతవాళ్ళు దొరికేదాకా ఉంచే ఇల్లు. నేను అక్కడ ఆయాని. మా ఆయన ఓడరేవు డాకులో సరుకు దించుతూ క్రేను కింద పడి చనిపోయాక, ఏక్‌బాల్‌పూర్ బస్తీలో ఒక్కదాన్నే మిగిలాను. పిల్లల తలలు దువ్వడం, పేలు తీయడం, కడుపు నొప్పంటే వాము నమిలించడం, ఇదే నాకు వచ్చిన పని. సంతకం తప్ప చదువు లేదు. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా చర్చి పాస్టరుగారి భార్య రాస్తున్నారు. నా శ్రీకాకుళం మాటను ఆవిడ పుస్తకం భాషలోకి దిద్దుతున్నారు. మాట దిద్దండి, జరిగింది దిద్దకండి అని చెప్పాను. ఎందుకంటే దిద్దినవాళ్ళు ఇదివరకే ఉన్నారు.

ఆ ఏడాది జరిగిన రెయిడ్ మీద తరవాత హిందీలో సినిమా వచ్చింది. నిజంగా జరిగిన కథ అని మొదట్లోనే తెర మీద వేశారు, పక్కనున్నవాళ్ళు చదివి చెప్పారు. అందులో హీరో తలుపు పగలగొట్టి పిల్లల్ని ఎత్తుకొస్తాడు. ఆ రోజు ఏ తలుపూ పగలలేదు.

రెయిడ్ అంటే ముందు చెప్పకుండా వెళ్ళి ఇల్లు సోదా చెయ్యడం. మధ్యాహ్నం మూడింటప్పుడు మా సూపరింటెండెంటు దీదీ వంటగది గుమ్మంలోకి వచ్చి, "మాసీ, గరిటె పెట్టేసి రా. మద్రాసీ పిల్లలు ఉన్నారట, నీ భాష కావాలి" అంది. బెంగాలీలో మాసీ అంటే పిన్ని. హోములో అందరికీ నేను మాసీనే. దక్షిణాది నుంచి ఎవరొచ్చినా వాళ్ళకు మద్రాసీలే.

డాకుల వైపు పాత మేడ అది. పోలీసులు కిందా మీదా రెండుసార్లు వెతికారు. మంచాలున్నాయి, పిల్లలు లేరు. దారోగా బాబు, అంటే స్టేషను ఎస్సై, నా వైపు తిరిగి నవ్వాడు. "ఏం మాసీ, మీవాళ్ళు పిల్లల్ని మేకల్లా తోలుకొచ్చి అమ్ముతారు, దాచడంలోనూ ఘనులే."

నాకు ఒళ్ళు మండింది. పై అంతస్తు వంటగదిలోకి వెళ్ళాను. పొయ్యి మీద అన్నం గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. ఎవరినని కాదు, రోజూ హోములో అడిగే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"ఏటే గుంటా, అన్నం తిన్నావేటే?"

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అల్మారా వెనక నుంచి సన్నగా వినబడింది.

"నేదు."

అంతే, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. అల్మారా జరిపితే వెనక చెక్కలు. చెక్కలు ఊడదీస్తే మనిషి పక్కకు తిరగలేనంత సందు. అందులో నలుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. పలికింది అందరిలోకీ చిన్నది, పైడమ్మ. తొమ్మిదో పదో ఉంటాయి. కిందికి దిగేదాకా నా కొంగు వదల్లేదు.

మర్నాడు కౌన్సెలింగ్. అంటే పిల్లను మెల్లగా మాట్లాడించి జరిగింది తెలుసుకోవడం. ఆ పని చేసే దీదీ బెంగాలీలో అడుగుతుంది, నేను తెలుగులో అడిగి, జవాబు మళ్ళీ బెంగాలీలో చెబుతాను.

"నిన్ను ఈ ఊరు ఎవులు తెచ్చినారే?" అన్నాను.

పైడమ్మ జడ కొస నోట్లో పెట్టుకుని, "మనోళ్ళే" అంది.

గుమ్మం దగ్గర దారోగా బాబు కాయితం కోసం నిలబడి ఉన్నాడు. మేకల మాట నా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

"ఏమంటోంది మాసీ?" అంది దీదీ.

"తెలీదంటోంది."

దీదీ అదే రాసుకుంది. మనవాళ్ళ పరువు కాపాడాననుకున్నాను.

నెల తిరక్కుండా ఒకావిడ వచ్చింది. నేత చీర, ముక్కుకు రెండువైపులా పుడకలు, అచ్చం మా ఊరి మనిషే. మాలో ఇద్దరు కొత్తవాళ్ళు ఎదురైతే ముందు ఇంటిపేరు అడుగుతాం, తరవాత అమ్మగారి ఊరు, ఆ తరవాత వరస కలుపుకుంటాం. వరస కలిశాక అనుమానించడం తప్పు. ఆవిడను అలాగే అడిగాను. ఒక్కచోట కూడా తడబడలేదు.

"అయితే నువ్వు నాకు వొదినవే," అంది నా చెయ్యి పట్టుకుని. "ఈ గుంట మా అన్న కూతురు. అన్న పోయినాడు. దీని తల్లి తిండి మానీసి మంచం మీదుంది వొదినా." అని ఏడ్చింది.

పైడమ్మను తీసుకొచ్చాను. "మీ అత్తేనా?" అన్నాను. తలూపింది. కళ్ళెత్తలేదు.

"సిగ్గు," అంది ఆవిడ. "సిన్నప్పటి నుంచీ అంతే."

పిల్లను అప్పగించే ముందు హోమ్ వెరిఫికేషన్ అని ఒకటుంది. ఆ ఊరి పోలీసులకు ఉత్తరం రాసి, ఇల్లూ వాకిలీ నిజమేనని తెలుసుకోవడం. జవాబు రావడానికి నెలలు పడుతుంది. సూపరింటెండెంటు దీదీ నన్నడిగింది. "నీకు నమ్మకమేనా మాసీ?"

"మావాళ్ళే దీదీ," అన్నాను. ఆ రోజు సిగ్గుపడి మింగేసిన మాటనే ఈసారి గర్వంగా చెప్పాను. జవాబు కోసం ఆగకుండానే అప్పగిస్తూ రాసిన కాయితం మీద సాక్షిగా సంతకం పెట్టాను.

గడప దగ్గర పైడమ్మ ఆగింది. "పిన్నీ, అన్నం తినీసి ఎల్తాను," అంది.

అప్పటికి బియ్యం కూడా కడగలేదు. "మీ అత్త పెడతాదిలే, ఎల్లు," అన్నాను.

ఉత్తరం ఆలస్యంగా వెళ్ళింది, జవాబు ఇంకా ఆలస్యంగా వచ్చింది. తల్లి ఏడాది కిందటే చనిపోయింది. మేనత్త నిజంగా మేనత్తే. పనిలో పెడతానని పిల్లను కలకత్తా రైలెక్కించింది ఆవిడే. దారోగా బాబు మనుషుల్ని షాలిమార్ వైపు బస్తీల దాకా పంపాడు. ఎవరూ దొరకలేదు. ఈసారి అతను వెక్కిరించలేదు. వెక్కిరించి ఉంటే బాగుండేది.

ఏడేళ్ళ తరవాత ఇంకో రెయిడ్. అదే రకం మేడ. వంటగదిలో నిలబడి అదే మాట అడిగాను. పలుకు లేదు. మూడుసార్లు అడిగాను. పోలీసులు మెట్లు దిగిపోతుంటే ఒక కానిస్టేబులు లాఠీ తగిలి గోడ బోలుగా మోగింది. చెక్క తీస్తే ఇద్దరు తెలుగు పిల్లలు, ఒకరి నోటి మీద ఒకరు చెయ్యి పెట్టుకుని.

"అన్నిసార్లు అడిగితే పలకరేటే?" అన్నాను.

"పైడప్ప సెప్పింది," అంది పెద్దది. మా వైపు అప్ప అంటే అక్క. "తెలుగులో అన్నం తిన్నావేటని ఎవులైనా అడిగితే పలకొద్దని. పలికితే తీసుకెల్లి, మల్లీ వొప్పజెప్పీస్తారని."

"పైడప్ప ఏదే?"

"మొన్ననే వేరే ఊరు తీసుకుపోనారు."

సినిమావాళ్ళ మనిషి 2007లో టేప్ రికార్డరుతో వచ్చాడు. కుర్రాడు మర్యాదస్థుడే. అల్మారా వెనక నుంచి పిల్ల పలికిందనగానే మోకాళ్ళ మీద లేచాడు. మేనత్త సంగతి మొదలుపెట్టేసరికి టేపు ఆపాడు.

"ఇంతవరకు చాలు మాసీ. జనం ఆశతో బయటికి వెళ్ళాలి కదా."

"పైడమ్మ ఏ ఆశతో వెళ్ళిందో అది ఎవరికీ అక్కర్లేదా బాబూ?" అన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు.

సినిమా చివర్లో సొంతమనిషి వచ్చి పిల్లను గుండెకు హత్తుకుంటుంది. హాలంతా చప్పట్లు. ఆ నటి బాగానే ఏడ్చింది. ఆ రోజు మేనత్తా బాగానే ఏడ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆయాలకు నేను చెప్పేది ఒకటే. వచ్చిన మనిషి ఎవరని పిల్లను అడగకండి, నిన్ను తెచ్చింది ఎవరని అడగండి. పిల్ల ఏ మాటంటే ఆ మాటే చెప్పండి, అది మన ముఖాన ఉమ్మేసినట్టున్నా సరే. వరసలు పిల్ల గడప దాటాక కలుపుకోవచ్చు.

వంట కాకుండా ఏ పిల్లనూ నేను పంపను. వచ్చినవాళ్ళు రైలుకు వేళైందంటారు, దీదీలు విసుక్కుంటారు. పిల్లను నా పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చినవాళ్ళను బయట బల్ల మీద కూర్చోమంటాను. తినేటప్పుడు పిల్ల ఏదైనా చెప్పాలనుకుంటే చెబుతుంది. పైడమ్మ అడిగింది ఆ కాస్త సేపే.