ఏడవకూడని ఇల్లు

అది 1959 చైత్రం, శుక్రవారం, పొద్దున ఆరుంబావు. జ్వరం తగ్గిందనుకుని సిరిసిల్లలో మా ఇంటి అరుగు మీద అయిదేళ్ళ బిడ్డకు తల దువ్వుతున్నాను. నుదుటి మీద ఎర్రటి పొక్కులు కనబడ్డాయి. అత్తమ్మ చూసి దువ్వెన లాక్కుంది.

"తల్లి పోసింది. ఇగ దువ్వెన లేదు, తాలింపు లేదు. ఏడుపు అసలే లేదు. ఏడిస్తే తల్లికి కోపమస్తది."

మా ఆయన భీవండిలో మగ్గాల పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో మేం ముగ్గురమే. వేపాకు పరిచి బిడ్డను పడుకోబెట్టాం. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవలేదు, 'తల్లీ' అనే పిలిచాం. దాని నోట వచ్చిందల్లా అమ్మవారి మాటే, కాదనకూడదు.

మంగళవారానికి మొహమంతా పొక్కులు లేచి కళ్ళు మూసుకుపోయాయి. ఏడుపు తన్నుకొస్తే వేపాకు పళ్ళ కింద నొక్కిపెట్టేదాన్ని. నోరు తెరిస్తే ఎక్కడ బయటపడుతుందోనని మాటలు కూడా తగ్గించాను. అయినా అత్తమ్మ కనిపెట్టేది.

"కండ్లల్ల గన్ని నీళ్ళుంటే బాయిల పోసి రాపో. ఊరికన్న పనికొస్తయి."

బుధవారం నుంచి బిడ్డ అంబలి ముట్టలేదు. గురువారం మధ్యాహ్నం గిన్నె నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసింది. తాగకపోతే దక్కదని నాకు తెలుసు.

"తాగు తల్లీ" అన్నాను.

"నేను తల్లిని కాదు. అవ్వా, నాకు కాల్ల ముల్లు ఇరిగినప్పుడు ఏడ్చినవు. ఇప్పుడు ఏడుస్తలేవు. నేనొద్దా నీకు?"

బిడ్డ అవ్వా అని పిలిచేది నన్నే. నా పళ్ళ కింద వేపాకు ఉంది. అత్తమ్మ వైపు చూశాను.

"ఏడ్వు అవ్వా" అంది బిడ్డ మళ్ళీ.

అత్తమ్మ చేతులు జోడించింది. "తల్లే అడుగుతున్నది. ఏడ్వు బిడ్డా, తప్పు లేదు" అంది నాతో. నాకంటే ముందు తనే మొదలుపెట్టింది.

ఇద్దరం గొంతెత్తి ఏడుస్తుంటే, బిడ్డ ఆ చప్పుడు వైపు మొహం తిప్పి, సగం గిన్నె తాగింది.

బిడ్డ దక్కింది. పోయినవి: ఎడమ కంటి చూపు, పూర్తిగా. మొహం మీది నునుపు. జుట్టు కూడా పోయింది కానీ కార్తీకానికల్లా మళ్ళీ వచ్చింది, దాన్ని ఇందులో కలపను.