ఓటుకుండల రాజ్యం

గజపతినగరం సంతలో కుండలు అమ్మేవాళ్లు అరడజను మంది ఉన్నా, జనం మూగేది మాత్రం మరిడమ్మ చుట్టూనే. ఆమె కుండలేం గొప్పవి కావు. కుండతో పాటు దెయ్యాల రాజ్యం సంగతులు చెప్పేది. అదీ అసలు సరుకు.

ఆ రాజ్యం ఒక పొరపాటులోంచి పుట్టింది. దేశానికి మొదటిసారి ఎన్నికలొచ్చినప్పుడు పెద్దమనుషులు గడపగడపకూ వచ్చి, "నీ ఓటు మాకే ఇయ్యాలమ్మా" అని దండాలు పెట్టారు. కుమ్మరింట్లో ఓటు అంటే ఒకటే అర్థం: బీటలిచ్చిన కుండ. మంచిది అడక్కుండా ఓటుది అడుగుతారేం పిచ్చోళ్లు అనుకుంది మరిడమ్మ. పోలింగు రోజున, కుండలు కాల్చే ఆవంలో పగిలిన కుండొకటి చంకన పెట్టుకుని బడికి వెళ్లింది. అక్కడ మొదలైన నవ్వు పదిహేడేళ్లయినా ఊళ్లో ఆగలేదు. ఏడ్చి కూర్చునే మనిషి కాదు గనక, ఆ నవ్వులోంచే ఆమె ఒక దేశాన్ని చేసుకుంది.

ఆ దేశంలో దెయ్యాలన్నీ తలా ఒక ఓటుకుండ తెచ్చి ఇస్తాయి. ఎవడి ముందు గుట్ట పెద్దదైతే వాడు రాజు. కొరివిదెయ్యానికి కరెంటు శాఖ, నీటిదెయ్యానికి చెరువుల శాఖ. వేదాలు చదివిన బ్రహ్మరాక్షసుడు అర్జీలు రాసిపెడతాడు. కానీ దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా! అర్జీ పట్టుకున్నవాడు ఆఫీసరు అడుగుజాడలు చూసుకుంటూ పోతాడు, పోతాడు, చివరికి ఆఫీసరు బయల్దేరిన చోటికి చేరతాడు.

"మరి ఆపీసరు ఏడే?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"ఆడు నీ ఇంటికే ఎల్లుంటాడు, పన్ను వసూలుకి."

రాజనీతి పుస్తకాలు రాసినవాళ్లెవరూ ఇంత సూటిగా చెప్పలేదు. రేషను వరసలో నిలబడి వచ్చినవాడికి ఆ ఆఫీసరు దెయ్యం ఒకలా కనిపించేది, తాలూకాఫీసు మెట్లు అరగదీసినవాడికి ఇంకోలా.

అరవై తొమ్మిది వేసవిలో చెరువు ఎండింది. పెళ్లిళ్ల ముందు కుమ్మరికి కావలసింది ఆ అడుగు మన్నే. ఆ మన్ను లేకపోతే కుండ లేదు, కూడు లేదు. తవ్వుకోవాలంటే పంచాయతీ ప్రెసిడెంటు జగన్నాధం నాయుడు సరే అనాలి. మరిడమ్మ మొగుడు దాలయ్య మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ 'రేపు' అనిపించుకుని వచ్చాడు. నాలుగోసారి మరిడమ్మే వెళ్లింది.

"ఏటే మరిడీ, నీ నీటిదెయ్యం సెరువు నీల్లన్నీ సొంత మడికే మల్లించుకున్నాదంట. అది నానేనేటి?"

మరిడమ్మ నిజంగానే బిత్తరపోయింది. "కాదు బాబూ. అది పుట్టినప్పుడికి తవరు పెసిడెంటే కారు."

"ఐతే ఆ మాటే సంతలో అందరూ ఇనీలాగ సెప్పు. ఎలచ్చన్లు దగ్గరికొస్తన్నాయి. సెప్పిన మర్నాడు మన్ను తవ్వుకో."

"సెప్తే తవరికే సెడ్డ బాబూ. కాదంటే ఔనంటారు జనం."

"నాకు నేర్పకు. సెప్పమన్నది సెప్పు."

ఇంటి దగ్గర దాలయ్యదీ అదే పాట. "సెప్పీయే! ఒక్క మాటే గదా."

"ఆ దెయ్యం ఎవుడని ఇన్నాల్లూ ఒక్కడూ అడగనేదు మావా. ఎవుడి దెయ్యం ఆడికుండీది."

"మన్ను నేకపోతే దెయ్యాల్ని వండుకు తింటామేటి?"



సంతరోజున మరిడమ్మ కుండల మధ్య నిలబడి, "అందరూ ఇనండి! నా కతలో నీటిదెయ్యం మన పెసిడెంటు బాబు కాదు" అంది.

పక్కన బెల్లం అమ్మే తాయారు ముందు నోరు తెరిచింది, తర్వాత నడుం పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో, అదా సంగతి! నాకు తట్టనేనేదే!" ఆ నవ్వు చింతపండు వరస నుంచి పశువుల వరస దాకా పాకింది.

ఇప్పుడు మాట తప్పితే దెయ్యం తానేనని ఒప్పుకున్నట్టే. జగన్నాధం నాయుడు మర్నాడు మన్ను ఇచ్చాడు. దాలయ్య ఎనిమిది బండ్లు తోలుకున్నాడు. మరిడమ్మ ఎంత తెలివైందని ఊరు మెచ్చుకుంది. ఆమె చూపిన తెలివేమీ లేదు, చెప్పమన్నది చెప్పిందంతే.

తర్వాతి సంతకు జనం రెట్టింపయ్యారు. ఆమె అర్జీవాడి మాట ఎత్తబోతే, "అది కాదే, పెసిడెంటు కత సెప్పు" అన్నారు. కొరివిదెయ్యం వస్తే, "ఇదెవుడు, కరణవా?" అన్నారు. బ్రహ్మరాక్షసుడికి బడిపంతులి పేరు తగిలించేశారు. రాజ్యమంతా కుంచించుకుపోయి ఊరి తగాదా అయి కూర్చుంది. ఎవరో పొరుగూరి ముసలాయన, చేతిలో నలిగిన అర్జీ కాగితంతో కాసేపు నిలబడి విన్నాడు. తనకు తెలిసినవాడెవడూ ఆ కథలోకి రాకపోయేసరికి మెల్లగా వెళ్లిపోయాడు. మరిడమ్మ అతని వీపు కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఆగిపోనావేటే? సెప్పు!" అంది తాయారు.

"ఐపోనాది."

"ఏటి ఐపోనాది? రాజెవుడో సెప్పనేదు!"

"మీకు తెలిసిపోనాది కదే. తెలిసిపోనాక ఇంక కతేటి?" అంది మరిడమ్మ. ఎదురుగా ఉన్నవాడి వైపు తిరిగి, "కుండ కావాలా, వద్దా?" అని అడిగింది.