షీట్‌లో లేని ఆవకాయ

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నేను జార్జ్ టౌన్‌లో ఒక హోటల్‌కు బాంక్వెట్ మేనేజర్‌ని. భారత్, చైనాల మాజీ సైనికాధికారులు చెరి ఆరుగురు, ఇద్దరికీ పరాయి దేశమని మా దగ్గర మూడు రోజులకు దిగారు. హిమాలయ సరిహద్దులో గస్తీలు ఎదురుపడితే ఏం చేయాలన్నది వాళ్ల చర్చ. ఆ కొండల సంగతి నాకేం తెలుసు? నా సరిహద్దల్లా బల్ల మధ్యలో పూలకుండీల వరస. కుర్చీల దూరం టేపుతో కొలిచాం. టీ రెండు వైపులా ఒకేసారి పోయాలి. ఏమేం వడ్డించాలో రాసుకునే కాగితాన్ని మేం ఫంక్షన్ షీట్ అంటాం. దాని మీద రెండు పక్షాలూ సంతకం చేశాయి. అందులో లేనిది బల్ల ఎక్కకూడదు.

రెండో రోజు భోజనాల వేళ భారత పక్షం కల్నల్ ఒకాయన, ఈ చప్పిడి కూడు తినలేక చస్తున్నానని ఫోన్లో భార్యకు తెలుగులో మొరపెట్టుకుంటున్నారు. అతిథుల నోట తమిళం రోజూ వినేవాణ్ణి, మా ఇంటి యాస వినడం అదే మొదలు. ప్రాణం లేచొచ్చింది.

"మాదీ తెలుగే అయ్యా, ఇక్కడే సుంగై సిపుట్ మా ఊరు. మా తాత ఇజీనగరం నుంచి ఓడెక్కి ఇక్కడి రబ్బరు తోటలకు వచ్చినాడు. ఆవకాయ ఉంది, తెస్తాను లా," అన్నాను.

మా ఆవిడ కట్టిచ్చిన సీసా తెచ్చి ఆయన పళ్లెంలో రెండు ముక్కలు వేశాను.

అంతే, చైనా పక్షం కార్యదర్శి షీట్ పట్టుకుని వచ్చింది. హోటల్ మనిషి ఒక పక్షంతో తెలియని భాషలో ఏం మాట్లాడాడు, ఆ ఎర్రటి పదార్థం షీట్‌లో ఎన్నో అంశం అని అడిగింది. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా వాళ్లు సమావేశానికి రారట. మా జనరల్ మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, రెండున్నరకల్లా వాళ్లు వచ్చి కూర్చోకపోతే నీ ఉద్యోగం ఉండదని మెల్లగా చెప్పారు. సిగ్గేసింది, భయమూ వేసింది. ఇన్నేళ్ల సర్వీసు రెండు ముక్కలకు పోయేట్టుంది.

షీట్‌కు సవరణ రాశాను: అంశం పందొమ్మిది, మామిడికాయ ఊరగాయ, ఇరుపక్షాలకూ సమానంగా. కల్నల్‌తో అన్న మాటలన్నీ ఇంగ్లీషులో రాసి జతచేశాను, మాట చివర మేం అలవాటుగా తగిలించే 'లా'తో సహా. కల్నల్, కార్యదర్శి చూస్తుండగా వంటగది త్రాసులో పన్నెండు గిన్నెలకు తూచి పెట్టాను.

రెండున్నర లోపే వాళ్లు వచ్చి కూర్చున్నారు. చైనా పక్షం నాయకుడు, పెద్దాయన, ముక్క మొత్తం నోట్లో వేసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. మూడు గ్లాసుల నీళ్లు తాగారు. తర్వాత దుబాసీ ద్వారా కల్నల్‌ను అడిగారు.

"ఇది మీరు రోజూ తింటారా?"

కల్నల్ అవునన్నారు. పెద్దాయన ఆయన్ను కాసేపు ఎగాదిగా చూసి, సమావేశం మొదలుపెడదామన్నారు.

ఆ సాయంత్రం అంశం పందొమ్మిదిని రద్దు చేస్తూ ఇరుపక్షాలూ సంతకం పెట్టాయి. నాకు తెలిసి ఆ మూడు రోజుల్లో ఏకగ్రీవంగా కుదిరింది అదొక్కటే. కల్నల్ సంతకం పెడుతూ నా ముఖం చూడలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. మనసు ఒక వైపు మొగ్గితే ఎవరూ ఆపలేరు, నాదీ మొగ్గింది. చేత్తో వడ్డించేది మాత్రం ఇద్దరికీ ఒక్కలాగే ఉండాలి.